‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని మెయిల్ వస్తే

2024 జులై 15న సింగపూర్‌లోని ఒక సరుకుల వ్యాపార సంస్థకు సరఫరాదారు పేరుతో మెయిల్ వచ్చింది. బకాయి ఉన్న పేమెంటును ఈసారి తూర్పు తిమోర్‌లోని కొత్త ఖాతాకు పంపమని అందులో ఉంది. ఆ మెయిల్ అడ్రసుకూ అసలు అడ్రసుకూ స్పెల్లింగులో చిన్న తేడా ఉంది. అది ఎవరి కంటా పడలేదు. 19వ తేదీన 4.23 కోట్ల డాలర్లు పంపేశారు. మరో నాలుగు రోజులకు అసలు సరఫరాదారు తన డబ్బు రాలేదని చెప్పాక గానీ మోసం సంగతి బయటపడలేదు. 23న పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది, వాళ్లు ఇంటర్‌పోల్ ద్వారా తిమోర్ అధికారులను కదిలించారు, 25వ తేదీన 3.9 కోట్ల డాలర్లను అక్కడే పట్టి ఆపగలిగారు. ఇంత పెద్ద మొత్తం ఇలా చేతికి దొరకడం అరుదు. మోసం జరిగిన తీరు మాత్రం ఏమాత్రం అరుదైనది కాదు.

ఈమెయిల్ మోసం అనగానే లాటరీ తగిలిందనో, ఎక్కడో చనిపోయిన ధనవంతుడి ఆస్తికి వారసులు మీరేననో తప్పుల తడక ఇంగ్లిషులో వచ్చే ఉత్తరాలే చాలామందికి గుర్తొస్తాయి. వాటిని ఇప్పుడు స్పామ్ ఫిల్టర్లే చాలావరకు ఆపేస్తున్నాయి. సంస్థలను నిజంగా ముంచుతున్నది వేరే రకం. వ్యాపారం నిజం, సరుకు నిజం, రావాల్సిన ఇన్వాయిస్ నిజం, అవతలి మనిషి పేరూ నిజమే. మారింది ఖాతా నంబరు ఒక్కటే. అమెరికాలో ఎఫ్‌బీఐ నడిపే ఐసీ3 ఫిర్యాదుల కేంద్రానికి 2024లో ఈ తరహా ఫిర్యాదులు 21 వేలకు పైగా వచ్చాయి. మొత్తం నష్టం సుమారు 277 కోట్ల డాలర్లు. అంటే ఒక్కో ఫిర్యాదుకు సగటున లక్షా ముప్పై వేల డాలర్ల దాకా.

భాషలో తప్పులు వెతకమని, లోగో సరిగా ఉందో లేదో చూడమని ఏళ్లుగా చెబుతూ వచ్చిన సలహా ఇక్కడ పనికిరాదు. ఏఐ రాసిపెట్టే ఇంగ్లిషులో తప్పులుండవు. లోగో, సంతకం, లెటర్‌హెడ్ అసలు మెయిళ్ల నుంచే ఎత్తుకొస్తారు. మెయిల్ చూడ్డానికి ఎలా ఉందన్నది పక్కన పెట్టి రెండు దారులు చూడాలి: దానికి మనమిచ్చే జవాబు ఎటు పోతుంది, మన డబ్బు ఎటు పోతుంది.

మన దగ్గర ఎవరికి ముప్పు

గుంటూరు నుంచి మిర్చి, గోదావరి జిల్లాల నుంచి రొయ్యలు, చీమకుర్తి నుంచి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ బయటి దేశాలకు పోతున్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీలు చైనా నుంచి ముడిసరుకు తెప్పించుకుంటున్నాయి. ఈ వ్యాపారం చాలావరకు మెయిళ్ల మీదే నడుస్తుంది. ప్రొఫార్మా ఇన్వాయిస్ (సరుకు పంపకముందే ఇచ్చే బిల్లు) పీడీఎఫ్‌గా వస్తుంది, కొంత అడ్వాన్స్ టీటీలో (బ్యాంకు ద్వారా విదేశానికి పంపే బదిలీలో) పోతుంది, సరుకు ఓడెక్కాక బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు అందుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం) కాపీ మెయిల్లో వచ్చాక మిగతాది కడతారు. పార్టీ ముఖం ఎన్నడూ చూడని సంబంధాలే ఎక్కువ. ఉన్న పరిచయమంతా మెయిల్ అడ్రసుతో, వాట్సాప్ నంబరుతో.

మోసగాడు దూరే సమయం కూడా ఇక్కడే ఉంటుంది. బిల్ ఆఫ్ లేడింగ్ కాపీ వచ్చిందంటే కొనుగోలుదారుకు తొందర మొదలవుతుంది. డబ్బు కట్టందే ఒరిజినల్ పత్రాలు రావు, పత్రాలు లేకపోతే రేవులో కంటైనర్ విడుదల కాదు, గడువు దాటితే డెమరేజ్, అంటే ఆలస్యపు రుసుము, పడుతుంది. ఆ ఒత్తిడిలో ఉన్న అకౌంట్స్ మనిషి ముందు ‘ఆడిట్ వల్ల మా పాత ఖాతా తాత్కాలికంగా ఆపారు, ఈ కొత్త ఖాతాకు పంపండి’ అన్న రెండు వాక్యాలు పడితే వాటిని ప్రశ్నించే తీరిక ఎవరికి ఉంటుంది?

వ్యాపారులకే పరిమితమైన బెడద కూడా కాదిది. అమెరికాలో ఇల్లు కొనుక్కుంటున్న తెలుగు కుటుంబాలకు క్లోజింగ్ (కొనుగోలు పూర్తయ్యే) రోజు దగ్గరపడ్డాక, ఆ కొనుగోలు పత్రాలూ డబ్బూ చూసే టైటిల్ కంపెనీ పేరుతో ‘వైర్ వివరాలు మారాయి’ అని వచ్చే మెయిల్ అచ్చంగా ఇదే. ఏళ్ల తరబడి కూడబెట్టిన డౌన్‌పేమెంట్ ఒక్క వైర్‌లో పోతుంది. సంస్థ అయితే ఎలాగో తట్టుకుంటుంది, కుటుంబానికి అది మళ్లీ కూడబెట్టడానికి పదేళ్లు పట్టొచ్చు.

ముందు మెయిల్‌బాక్స్‌లోకి, తర్వాత సంభాషణలోకి

కొత్త ఖాతా మెయిల్ వచ్చేసరికే మోసంలో చాలా భాగం జరిగిపోయి ఉంటుంది. మొదటి అడుగు కొనేవారు, అమ్మేవారు ఇద్దరిలో ఎవరో ఒకరి మెయిల్ పాస్‌వర్డ్ దొరకబుచ్చుకోవడం. ‘సవరించిన పర్చేజ్ ఆర్డర్ చూడండి’ అంటూ ఒక లింకు వస్తుంది. నొక్కితే అచ్చం మైక్రోసాఫ్ట్ 365 లాగానో, జీమెయిల్ లాగానో ఉండే లాగిన్ పేజీ తెరుచుకుంటుంది. అక్కడ కొట్టిన పాస్‌వర్డ్ మోసగాడికి చేరుతుంది. ఫోనుకు వచ్చే ఓటీపీ ఉంది కదా అనుకుంటే అదీ పూర్తి రక్షణ కాదు. ఇప్పటి నకిలీ పేజీలు మధ్యవర్తిలా కూర్చుని మనం కొట్టింది కొట్టినట్టు అసలు సైటుకు పంపి, లాగిన్ అయ్యాక అసలు సైటు ఇచ్చే సెషన్ కుకీని (లాగిన్ అయ్యామని బ్రౌజర్‌లో ఉండే గుర్తును) కాజేస్తాయి. ఆ కుకీ చేతిలో ఉంటే పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ అక్కర్లేదు. పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోనులోనో కంప్యూటర్‌లోనో ఉండే డిజిటల్ తాళంచెవి) గానీ యూఎస్‌బీ సెక్యూరిటీ కీ గానీ వాడేవారి దగ్గర ఈ ఎత్తు పారదు, ఎందుకంటే అవి అసలు డొమైన్ పేరుకు ముడిపడి ఉంటాయి, నకిలీ పేజీకి స్పందించవు. మెయిల్ మీద లక్షల లావాదేవీలు నడిపే సంస్థ ముందు డబ్బు పెట్టాల్సింది ఇక్కడే.

లోపలికి వచ్చినవాడు వెంటనే ఏమీ చేయడు. రోజులూ వారాలూ చదువుతూ కూర్చుంటాడు. ఎవరు ఎవరికి ఏ మాటతో మొదలుపెట్టి రాస్తారు, ఇన్వాయిస్ నంబర్లు ఎలా ఉంటాయి, ఏ కంటైనర్ ఎప్పుడు బయలుదేరుతుంది, ఎవరు సెలవులో ఉన్నారు, అన్నీ తెలుసుకుంటాడు. ఇదే సమయంలో మెయిల్‌బాక్స్‌లో ఒక రూల్ పెడతాడు. ‘ఇన్వాయిస్’, ‘పేమెంట్’, ‘బ్యాంక్’ లాంటి మాటలున్న మెయిళ్లు గానీ, ఫలానా పార్టీ నుంచి వచ్చే మెయిళ్లు గానీ ఇన్‌బాక్స్‌కు రాకుండా, చదివినట్టు గుర్తు పడి, ఎవరూ తెరవని ‘ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్స్’ లాంటి ఫోల్డరుకు పోతాయి. ఒక కాపీ వాడి అడ్రసుకు ఫార్వర్డ్ అవుతుంది. అసలు పార్టీ ‘ఏమైంది, డబ్బు రాలేదు’ అని రాసినా అది కనపడదు. డబ్బు పోయాక కూడా వారం రోజులు ఎవరికీ తెలియకపోవడానికి పెద్ద కారణం ఈ రూలే.

పాస్‌వర్డ్ మార్చేస్తే పీడ విరగడైందని అనుకోవడం చాలా చోట్ల జరిగే పొరపాటు. పాస్‌వర్డ్ మారినా రూల్ అలాగే ఉంటుంది, ఫార్వర్డింగ్ అలాగే ఉంటుంది, అనుమతి ఇచ్చిన బయటి యాప్ ఏదైనా ఉంటే అదీ చదువుతూనే ఉండొచ్చు. జీమెయిల్‌లో అయితే కంప్యూటర్ మీద సెట్టింగ్స్ తెరిచి ‘ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్’, ‘ఫార్వర్డింగ్ అండ్ పాప్/ఐమాప్’ అన్న రెండు ట్యాబులు చూడాలి. ఇన్‌బాక్స్ అడుగున కుడివైపు చిన్న అక్షరాల్లో ‘డీటెయిల్స్’ అని ఉంటుంది. నొక్కితే చివరిసారి ఏ దేశం నుంచి, ఏ ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి ఖాతా తెరిచారో జాబితా వస్తుంది. అవుట్‌లుక్‌లో మెయిల్ సెట్టింగుల కింద ‘రూల్స్’, ‘ఫార్వర్డింగ్’ చూడాలి. తర్వాత పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయాలి. సంస్థలో మెయిల్ అడ్మిన్ ఉంటే బయటి అడ్రసులకు ఆటోమేటిక్ ఫార్వర్డింగును మొత్తం సంస్థకే మూసేయడం ఇంకా మేలు. దానితో నిజమైన అవసరం ఉన్నవాళ్లు చాలా కొద్దిమంది.

అడ్రసులో అక్షరం

రెండో అడుగులో మోసగాడు సంభాషణలోకి దిగుతాడు. హ్యాక్ చేసిన మెయిల్‌బాక్స్ నుంచే రాస్తే అసలు మనిషి కంట పడే ప్రమాదం ఉంది కాబట్టి, చాలాసార్లు దానికి దగ్గరగా ఉండే కొత్త డొమైన్ కొంటాడు. పాత మెయిల్ గొలుసు మొత్తం కింద అతికించి, దానికే జవాబు ఇస్తున్నట్టు పైన నాలుగు వాక్యాలు రాస్తాడు. కింద నెలల సంభాషణ కనపడుతుంటే పైన అడ్రసు చూడాలని ఎవరికీ తోచదు. సీసీలో ఉన్నవాళ్ల పేర్లూ అలాగే ఉంటాయి, వాటి వెనక అడ్రసులు మాత్రం అన్నీ నకిలీవే. దాంతో ‘రిప్లై ఆల్’ కొట్టినా అసలు మనిషికి ఒక్క మెయిలూ చేరదు.

2015లో ముంబై పోలీసుల దాకా వెళ్లిన ఓఎన్‌జీసీ కేసు దీనికి పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గ ఉదాహరణ. సౌదీ ఆరామ్‌కోకు పంపిన నాఫ్తా (ఒక పెట్రోలియం ఉత్పత్తి) సరుకు తాలూకు సొమ్ము, ఫిర్యాదు ప్రకారం సుమారు 197 కోట్ల రూపాయలు, వేరే ఖాతాకు మళ్లింది. నకిలీ అడ్రసులో చేసిన మార్పల్లా ‘ఎన్’, ‘జీ’ అక్షరాలను తారుమారు చేయడమే. ఓఎన్‌జీసీ కాస్తా ఓజీఎన్‌సీ అయింది. తెలుగులో చదివితే కళ్లకు కొడుతున్న తేడా, ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో రోజూ చూసే పేరులో కలిసిపోతుంది. మనం తెలిసిన పదాన్ని అక్షరం అక్షరం చదవం, మొత్తంగా ఒక ఆకారంగా గుర్తుపడతాం.

ఇంకా రకరకాలున్నాయి. ఇంగ్లిషు చిన్న ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పెడితే ‘ఎమ్’ లాగే ఉంటుంది. చిన్న ‘ఎల్’ బదులు అంకె 1, ‘ఓ’ బదులు సున్నా వాడతారు. డాట్ కామ్ బదులు డాట్ కో పెడతారు, పేరు మధ్యలో ఒక హైఫన్ చేరుస్తారు, ‘ఎక్స్‌పోర్ట్’ను ‘ఎక్స్‌పోర్ట్స్’ చేస్తారు. లింకుల్లో అయితే ముందు నమ్మకమైన పేరు పెట్టి వెనక అసలుది దాస్తారు. అందుకే డొమైన్‌ను కుడి నుంచి ఎడమకు చదవాలి. ‘https://’ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందు చివరగా ఉన్న పేరే దాని యజమాని. దానికి ఎడమవైపు ఎన్ని పేర్లున్నా, అందులో మీ బ్యాంకు పేరే ఉన్నా, అవి ఎవరైనా పెట్టుకోగలిగినవే. మన బ్యాంకుల విషయంలో ఈ చూపు కొంత తేలికైంది. బ్యాంకులు తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబరు 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ కిందకు మార్చాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఆ తోక బ్యాంకులకు తప్ప ఇతరులకు ఇవ్వరు.

ఫోనులో చదివేవారికి ముప్పు ఎక్కువ. మొబైల్ యాప్ పంపినవారి పేరే చూపిస్తుంది, అడ్రసు చూపదు. జీమెయిల్ యాప్‌లో ‘టు మీ’ అన్న చోట నొక్కితే పూర్తి అడ్రసు, జవాబు వెళ్లే ‘రిప్లై-టు’ అడ్రసు వేరేగా ఉంటే అదీ కనపడతాయి. డబ్బుకు సంబంధించిన మెయిల్‌కు ఫోను నుంచి జవాబివ్వకూడదని సంస్థలో ఒక నియమం పెట్టుకున్నా అతి జాగ్రత్త అనిపించుకోదు.

కంప్యూటర్ మీద జీమెయిల్ అయితే మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ ఎంచుకుంటే పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరుసలు వస్తాయి. ఎస్‌పీఎఫ్ అంటే ఈ డొమైన్ తరఫున మెయిల్ పంపడానికి ఈ సర్వర్‌కు అనుమతి ఉందా అన్న తనిఖీ. డీకిమ్ అంటే మెయిల్ మీద ఆ డొమైన్ వేసిన డిజిటల్ సంతకం చెరగకుండా ఉందా అన్నది. ఈ రెండింట్లో కనీసం ఒకటి, ‘ఫ్రమ్’లో కనపడే డొమైన్‌తో సరిపోలాలని చెప్పేది డీమార్క్. డీమార్క్ ఫెయిల్ అని ఉంటే ఆ మెయిల్ మీద ఒక్క రూపాయి కూడా కదలకూడదు. కానీ మూడూ పాస్ అయినంత మాత్రాన మెయిల్ మంచిదని కాదు, ఈ తేడా తెలియక మోసపోయేవాళ్లున్నారు. మోసగాడు కొన్న నకిలీ డొమైన్‌కు కూడా వాడే ఎస్‌పీఎఫ్, డీకిమ్ పెట్టుకుంటాడు, అన్నీ పాస్ అవుతాయి. హ్యాక్ చేసిన అసలు ఖాతా నుంచి వచ్చినా అంతే. ఈ తనిఖీలు చెప్పేది మెయిల్ ఆ డొమైన్ నుంచే వచ్చిందని. ఆ డొమైన్ ఎవరిది, ఆ ఖాతా ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉంది అన్నది వాటి పరిధి కాదు.

ఇన్వాయిస్‌లోనే దొరికే ఆనవాళ్లు

కొత్త ఖాతా వివరాలు చేతికి వచ్చాక ముందు చూడాల్సింది స్విఫ్ట్ కోడ్, అంటే అంతర్జాతీయ చెల్లింపుల్లో బ్యాంకును గుర్తించే సంకేతం. దానిలో 8 గానీ 11 గానీ అక్షరాలుంటాయి. మొదటి నాలుగు బ్యాంకువి, ఐదు, ఆరు దేశానివి, తర్వాతి రెండు ప్రాంతానివి, చివర మూడు ఉంటే శాఖవి. యూరప్ ఖాతాల ఐబాన్‌లో (అంతర్జాతీయ ఖాతా నంబరులో) మొదటి రెండు అక్షరాలే దేశం. ఇటలీ సరఫరాదారు ఉన్నట్టుండి లిథువేనియా ఖాతా ఇస్తే అక్కడే ఆగాలి. చైనా పార్టీల విషయంలో మాత్రం దేశం తేడా ఒక్కటే చూసి తేల్చలేం. సక్రమంగా వ్యాపారం చేసే చైనా సంస్థలు కూడా హాంకాంగ్‌లో ఖాతాలు పెట్టుకోవడం మామూలే. మోసగాళ్లకు హాంకాంగ్ నచ్చడానికి అదీ ఒక కారణం, ఆ ఖాతా చూసి కొనుగోలుదారు ఆశ్చర్యపోడు.

తర్వాత లబ్ధిదారు పేరు. కంపెనీ పేరు బదులు వ్యక్తి పేరుంటే చెప్పక్కర్లేదు. పేరు సరిగ్గా ఉన్నా నిశ్చింత లేదు. లిథువేనియాకు చెందిన ఎవాల్దాస్ రిమసౌస్కస్ 2013-15 మధ్య గూగుల్, ఫేస్‌బుక్ సంస్థల నుంచి 12 కోట్ల డాలర్లకు పైగా ఈ దారిలోనే రాబట్టాడు. వాటికి నిజంగా సరుకు అందించే తైవాన్ సంస్థ క్వాంటా కంప్యూటర్ పేరుతోనే లాట్వియాలో మరో కంపెనీ రిజిస్టర్ చేసి, ఆ పేరు మీదే ఖాతాలు తెరిచాడు. ఇన్వాయిస్ మీద పేరు, ఖాతా మీద పేరు సరిగ్గా సరిపోయాయి. 2019 డిసెంబరులో అతనికి అమెరికా కోర్టు ఐదేళ్ల జైలుశిక్ష వేసింది. సాంకేతిక నిపుణులతో నిండిన రెండు సంస్థలే మోసపోయాయంటే లోపం తెలివిలో లేదు, ఖాతా మార్పును ఆమోదించే పద్ధతిలో ఉంది.

దేశం లోపలి చెల్లింపుల్లో ఒక కొత్త వెసులుబాటు వచ్చింది. ఎన్‌ఈఎఫ్‌టీ, ఆర్‌టీజీఎస్‌లలో సొమ్ము ఖాతా నంబరును బట్టే జమ అవుతుంది, మనం రాసిన పేరుతో పోల్చి చూడరు. అందుకే డబ్బు పంపేముందు ఖాతాదారు పేరు చూపించే ఏర్పాటు 2025 ఏప్రిల్ 1 నాటికి చేయాలని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. లబ్ధిదారును చేర్చేటప్పుడు ఆ పేరు చూడకుండా ‘కన్‌ఫర్మ్’ నొక్కడం ఇక క్షమించరాని నిర్లక్ష్యం. విదేశీ టీటీలకు అలాంటి తనిఖీ ఉంటుందన్న భరోసా లేదు.

ఫోను చేయడంలోనూ ఒక పద్ధతి

ఈ మోసాన్ని ఖాయంగా ఆపేది ఒక ఫోను కాల్. ఎలా చేస్తామన్న దాన్ని బట్టే అది పనిచేస్తుంది. మెయిల్లో, కొత్త ఇన్వాయిస్‌లో ఇచ్చిన నంబరుకు చేస్తే ఎత్తేది మోసగాడే. పాత కాంట్రాక్టులో, ఏడాది కిందటి ఇన్వాయిస్‌లో, మొదటి పరిచయంలో తీసుకున్న విజిటింగ్ కార్డులో ఉన్న నంబరుకు మనమే చేయాలి. వాళ్లు చేసిన కాల్ లెక్కలోకి రాదు. మాట్లాడేటప్పుడు ఖాతా నంబరు మనం చదివి ‘ఇదేనా’ అని అడగకూడదు. అడిగితే అవతల తొందరలో ఉన్న మనిషి ‘ఆ, అవును’ అనేస్తారు. నంబరు వాళ్లనే చదవమనాలి, మన దగ్గరున్న దానితో అంకె అంకె పోల్చుకోవాలి.

గొంతు గుర్తుపట్టాం కదా, వీడియోలో ముఖం చూశాం కదా అనే ధీమా కూడా ఇప్పుడు చాలదు. 2024 మొదట్లో వెలుగుచూసిన కేసులో బ్రిటిష్ ఇంజినీరింగ్ సంస్థ అరప్ హాంకాంగ్ ఉద్యోగి వీడియో మీటింగులో తన ఫైనాన్స్ ఉన్నతాధికారినీ సహోద్యోగులనూ చూసి, వాళ్లు చెప్పినట్టు 15 లావాదేవీల్లో 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపాడు. తెర మీద కనపడినవాళ్లంతా డీప్‌ఫేక్‌లు, అంటే ఏఐతో తయారుచేసిన నకిలీ రూపాలు. పిలిచింది వాళ్లు, లింకు ఇచ్చింది వాళ్లు. ఆ మీటింగు కట్ చేసి తనకు తెలిసిన నంబరుకు తనే ఫోను చేసి ఉంటే అక్కడితో ఆగేది.

కొందరు ముందు చిన్న మొత్తం, వంద డాలర్లో ఎంతో పంపి చూస్తారు. మంచి అలవాటే. కానీ అందిందన్న కబురు మెయిల్లో తీసుకుంటే ఆ పరీక్షకు అర్థమే లేదు, ఆ మెయిల్ రాసేది మోసగాడే కావచ్చు. ఆ కబురూ ఫోనులోనే వినాలి. దీనికి తోడు కొత్త ఖాతా చేర్చినవారు, పేమెంటు ఆమోదించేవారు వేర్వేరు మనుషులై ఉండాలి. కొత్తగా చేర్చిన ఖాతాకు మొదటి పెద్ద పేమెంటు రెండు పనిదినాలు ఆగి వెళ్లాలి. ఓనరు ఫోనులో తొందరపెట్టినా ఈ రెండు నియమాలు సడలకూడదు. ‘అర్జెంటు, నేను మీటింగులో ఉన్నా, ఫోను చేయొద్దు’ అని ఓనరు పేరుతో వచ్చే మెసేజులు ఇదే మోసంలో ఇంకో రకం. 2022లో సీఈఓ పేరుతో వచ్చిన వాట్సాప్ మెసేజులు చూసి పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ నుంచి కోటి రూపాయలకు పైగా బదిలీ అయింది ఇలాగే.

డబ్బు పోయిందని తెలిసిన గంటలో

మొదటి ఫోను బ్యాంకుకే, అదీ కస్టమర్ కేర్‌తో సరిపెట్టకుండా టీటీ పంపిన ఫారెక్స్ శాఖకు నేరుగా. స్విఫ్ట్‌లో రీకాల్ (సొమ్ము వెనక్కి పంపమనే సందేశం) పంపమని రాతపూర్వకంగా అడగాలి, మోసం అన్న మాట స్పష్టంగా ఉండాలి. ప్రతి స్విఫ్ట్ చెల్లింపుకూ యూఈటీఆర్ అనే 36 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని బట్టి డబ్బు ఇప్పుడు ఏ బ్యాంకులో ఉందో ట్రాక్ చేయొచ్చు. మధ్యలో ఉన్న కరెస్పాండెంట్ బ్యాంకులోనే ఇంకా ఉంటే ఆపే అవకాశం ఎక్కువ. లబ్ధిదారు ఖాతాలో పడ్డాక అవతలి బ్యాంకు ఒప్పుకుంటేనే తిరిగి వస్తుంది. అందుకే అవతలి దేశంలో కూడా ఫిర్యాదు పడాలి. అమెరికా ఖాతా అయితే ఐసీ3 సైటులో వెంటనే నమోదు చేయాలి, అక్కడ సొమ్ము నిలిపివేత కోసమే 2018 నుంచి రికవరీ అసెట్ టీమ్ పనిచేస్తోంది. హాంకాంగ్ పోలీసులకు 18222 హెల్ప్‌లైన్ ఉంది.

సొమ్ము దేశంలోని ఖాతాకే వెళ్లి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయడం అన్నిటికన్నా ముందు. లావాదేవీ నంబరు చెబితే అవతలి బ్యాంకుకు సందేశం వెళ్లి, ఖాతాలో ఇంకా మిగిలి ఉన్న మొత్తాన్ని నిలుపుతారు. అక్కడి నుంచి మరో ఖాతాకు దాటితే ఆ ఖాతాకూ వెళ్తారు. మ్యూల్ ఖాతాల్లో (మోసగాళ్లు వాడుకునే ఇతరుల ఖాతాల్లో) డబ్బు నిమిషాల్లో చీలిపోతుంది కాబట్టి ‘రేపు పొద్దున స్టేషన్‌కు వెళ్దాం’ అనుకుంటే ఆపడానికి ఏమీ మిగలకపోవచ్చు. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పూర్తి ఫిర్యాదు ఇచ్చి, వచ్చిన నంబరు దాచుకోవాలి. ఐటీ చట్టంలో 66సీ, 66డీ సెక్షన్లు, భారతీయ న్యాయ సంహితలో 318 వర్తిస్తాయి. సంస్థలయితే మెయిల్‌బాక్స్ హ్యాక్ అయిన సంగతి తెలిసిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం ఉంది, చాలా చిన్న కంపెనీలకు ఈ సంగతే తెలియదు.

ఆధారాల విషయంలో స్క్రీన్‌షాట్లు చాలవు, మెయిల్‌ను ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్ పోతుంది. ‘డౌన్‌లోడ్ మెసేజ్’ నొక్కి ఈఎమ్‌ఎల్ ఫైలుగా దాచాలి, దారి మొత్తం అందులో ఉంటుంది. మెయిల్‌బాక్స్‌లో అనుమానాస్పద రూల్ దొరికితే చెరిపేముందు దాని ఫొటో, అది ఎటు ఫార్వర్డ్ చేస్తోందన్న వివరం నమోదు చేసుకోవాలి. చాలా కేసుల్లో కంగారులో చేసే మొదటి పని దాన్ని తుడిచేయడమే. హ్యాక్ అయింది ఎవరి మెయిల్‌బాక్స్ అని తేల్చే ఆధారం దాంతోపాటే పోతుంది.

నష్టం ఎవరిది

ఇక్కడికి వచ్చాకే అసలు గొడవ మొదలవుతుంది. కొనుగోలుదారు తాను కట్టేశానంటాడు, అమ్మకందారు తనకు అందలేదంటాడు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అనధికార లావాదేవీల్లో ఖాతాదారు బాధ్యతను పరిమితం చేస్తూ రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వును చాలామంది పట్టుకొస్తారు. మూడు పనిదినాల్లో చెబితే డబ్బు వస్తుందన్న మాట అందులోనిదే. కానీ ఇక్కడ పేమెంటు ఆమోదించింది ఖాతాదారే. బ్యాంకు దృష్టిలో ఇది అనధికార లావాదేవీ కాదు. ఎగుమతిదారుకు ఇంకో చిక్కు కూడా ఉంది. సొమ్ము రానంతకాలం షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) ఈడీపీఎంఎస్‌లో, అంటే ఎగుమతుల సొమ్ము వచ్చిందో లేదో చూసే రిజర్వ్ బ్యాంకు వ్యవస్థలో, తెరిచే ఉంటుంది, బ్యాంకు అడుగుతూనే ఉంటుంది.

అమెరికాలో బో టౌన్సెండ్ ఫోర్డ్, డాన్ హైండ్స్ ఫోర్డ్ అనే ఇద్దరు కార్ల డీలర్ల మధ్య నడిచిన కేసు ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొంది. 20 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కార్లకు 7 లక్షల 36 వేల డాలర్లు. అమ్మినవాళ్ల మేనేజరు మెయిల్‌బాక్స్‌లో హ్యాకర్ దూరి, రూల్ పెట్టి, వైర్ వివరాలు మార్చి పంపాడు. కొన్నవాళ్లు ఫోను చేసి అడగలేదు, పంపేశారు. కింది కోర్టు కొన్నవాళ్లే మళ్లీ కట్టాలంది. 2018 డిసెంబరులో ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, ఎవరి అజాగ్రత్త వాటా ఎంతో విచారణలో తేల్చి నష్టాన్ని దాని ప్రకారం పంచాల్సి రావచ్చని చెప్పింది. అంటే మెయిల్‌బాక్స్ కాపాడుకోనివాడికీ, ఫోను చేసి అడగనివాడికీ ఇద్దరికీ భాగం ఉండొచ్చు.

ఈ తగవు కోర్టుదాకా పోకుండా చేసే వీలు కాంట్రాక్టులోనే ఉంది. కొత్త పార్టీతో మొదటి ఒప్పందం రాసుకునేటప్పుడే బ్యాంకు వివరాలు అందులో చేర్చాలి. వాటి మార్పు మెయిల్ ద్వారా చెల్లదని, రెండువైపులా పేరు, ఫోను నంబరుతో సహా రాసుకున్న ఒక్కో వ్యక్తి మాట్లాడుకుని, సంతకాలతో సవరణ పత్రం మార్చుకున్నాకే అమల్లోకి వస్తుందని రాయాలి. ఈ పద్ధతి తప్పి పంపిన సొమ్ముకు పంపినవారిదే బాధ్యత అని, తమ మెయిల్‌బాక్స్‌లో ఎవరో దూరినట్టు తెలిసీ 24 గంటల్లో అవతలివారికి చెప్పకపోతే ఆ నష్టం చెప్పనివారిదే అని ఇంకో రెండు వాక్యాలు చేర్చాలి. ప్రతి ప్రొఫార్మా అడుగున ‘మా బ్యాంకు వివరాలు మెయిల్లో మార్చం, అలా వస్తే మాకు ఫోను చేయండి’ అని అచ్చువేయించుకోవడానికి ఖర్చేమీ కాదు.